విదేశీ క్రైమ్ థ్రిల్లర్ రీమేక్‌ను సమీక్షించడం: మాతృక ముందు చూడాలా, రక్తపాతం గురించి ఏం రాయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఒక వెబ్ పత్రికకు సినిమా సమీక్షలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టారు. ఈ వారం మీకు అప్పగించింది ఒక విదేశీ చిత్రానికి రీమేక్‌గా వస్తున్న క్రైమ్ థ్రిల్లర్. నరకడాలు, కాల్చడాలు దండిగా ఉన్నాయని ట్రైలర్‌లోనే తెలిసిపోతోంది. మాతృక చూసి వెళ్లాలా? పోలిక ఎంతవరకు తేవాలి? రక్తపాతం మీకు పడదు కాబట్టి తీర్పు చెప్పే అర్హత మీకుందా? ముగింపు గురించి ఎంత చెప్పవచ్చు?

ముందు రీమేక్ చూడండి. ఆ రాత్రే ముసాయిదా రాసేయండి. మాతృకను ఆ తర్వాతే చూడండి. చూశాక కూడా సమీక్షలో దానికి ఒక పేరా మించి ఇవ్వవద్దు. ఇక రక్తపాతం సంగతి. అది ఎంత ఉందని కొలవడం వల్ల ప్రయోజనం లేదు. ఈ ఊళ్లో, ఈ మనుషుల మధ్య అది ఎందుకు జరుగుతోందో సినిమా మిమ్మల్ని నమ్మించిందా? మీరు తేల్చవలసింది అదే. నేను చూసిన రీమేక్‌లలో బోల్తాపడినవి చాలావరకు అక్కడే బోల్తాపడ్డాయి. కథ మాత్రం విమానం ఎక్కి వచ్చేసింది, దాని కారణాలు అక్కడే మిగిలిపోయాయి.

మాతృక ముందు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. థ్రిల్లర్‌కు మనకు తెలియనిదే బలం. సంచి ఎక్కడ దాచారో, పోలీసుల్లో ఎవరు అమ్ముడుపోయారో తెలిసి హాల్లో కూర్చుంటే ఉత్కంఠ ఉందో లేదో మీరు చెప్పలేరు. దర్శకుడు ఎక్కడెక్కడ మార్చాడో లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. ప్రెస్ షోలలో తరచుగా నా పక్కన కూర్చునే ఒక మిత్రుడికి ఈ జబ్బు ఉంది. తెర మీద ఎవరో కొన ఊపిరితో ఉంటారు, ఈయన నా చెవిలో "కొరియన్‌లో ఈ సీను వానలో ఉంటుంది" అంటాడు. మర్నాడు సమీక్షలోనూ ఆ వానే కురుస్తుంది. టికెట్ కొనాలా వద్దా అని చూస్తున్న పాఠకుడికి అది దేనికి?

మాతృకను ఎప్పుడో చూసేసి ఉంటే మరో మార్గం ఉంది. చూడనివారిని ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. మా ఇంట్లో ఆ బాధ్యత మా అక్కది. విశ్రాంతి పడగానే "ఇప్పుడేం జరుగుతుందంటావు?" అని అడుగుతాను. తడుముకోకుండా సరిగ్గా చెప్పేసిందంటే ఆ దర్శకుడి ద్వితీయార్ధం కష్టాల్లో ఉన్నట్టే. ఆమె ఫోను తీసి చూసుకున్న చోటు కూడా నేను గుర్తుపెట్టుకుంటాను.

కారణాలు మిగిలిపోవడం అన్నాను కదా, అదేమిటో తెలియాలంటే ఒకే కథ నాలుగు చోట్ల ఏమైందో చూడాలి. 2011లో ఫ్రెడెరిక్ జార్డిన్ అనే ఫ్రెంచ్ దర్శకుడు 'న్యూయి బ్లాంష్' తీశాడు. బయటి దేశాల్లో 'స్లీప్‌లెస్ నైట్' పేరుతో ఆడింది. ఒక పోలీసు తన సహచరుడితో కలిసి కొకైన్ సంచి కొట్టేస్తాడు. ఆ పెనుగులాటలో అతనికి కడుపు దగ్గర కత్తిగాయం అవుతుంది. సరుకు కోసం ఎదురుచూస్తున్న క్లబ్బు యజమాని అతని కొడుకును ఎత్తుకుపోయి, సంచి తెచ్చి పిల్లవాణ్ని తీసుకుపొమ్మంటాడు. అక్కడి నుంచి దాదాపు సినిమా అంతా ఒక్క రాత్రి, ఒక్క నైట్‌క్లబ్బు. హీరో సంచిని మరుగుదొడ్డిలో దాచి బేరానికి వెళతాడు. తిరిగి వచ్చేసరికి అది ఉండదు. ఇక పిండితో నకిలీ పొట్లాలు కట్టుకోవలసిన గతి పడుతుంది.

దీన్ని 2015లో రాజేశ్ ఎం. సెల్వ దర్శకత్వంలో కమల్‌హాసన్ తమిళ, తెలుగు భాషల్లో కలిపి తీశారు. మనకు వచ్చింది 'చీకటి రాజ్యం'. 2017లో అమెరికాలో జేమీ ఫాక్స్‌తో 'స్లీప్‌లెస్' వచ్చింది, క్లబ్బు కాస్తా లాస్ వేగాస్ కేసినో అయింది. 2023లో అలీ అబ్బాస్ జాఫర్ హిందీలో షాహిద్ కపూర్‌తో 'బ్లడీ డాడీ' తీసి నేరుగా ఓటీటీలో వదిలారు. అందులో కాలం కోవిడ్ రెండో వేవ్ తర్వాతిది, చోటు గురుగ్రామ్‌లోని ఒక పెద్ద హోటల్.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మొదట కనిపించేది ఆ కత్తిగాయం. ఫ్రెంచ్ సినిమాకు గడియారం అదే. మనిషి నుంచి రక్తం పోతోంది, రాత్రి గడుస్తోంది, కొడుకు ఇంకా దొరకలేదు. కొట్లాటల్లో నైపుణ్యం కన్నా అలసట ఎక్కువ. వంటగదిలో జరిగే పోరాటంలో చేతికందిన సామానుతో బాదుకుంటారు, ఊపిరి అందక ఒగరుస్తారు. చూస్తున్న మనకు చప్పట్లు కొట్టాలనిపించదు, ఇది తొందరగా ముగిస్తే బాగుండుననిపిస్తుంది. కాబట్టి దీని రీమేక్‌కు నేను పెట్టే మొదటి పరీక్ష చాలా మోటుగా ఉంటుంది: ద్వితీయార్ధంలో ఆ గాయం ఇంకా నొప్పి పెడుతోందా?

'చీకటి రాజ్యం' ఈ పరీక్షలో బాగానే నెగ్గింది. అప్పటికి కమల్‌హాసన్‌కు అరవై దాటాయి. ఆ వయసును దాచకపోవడమే సినిమాకు కలిసొచ్చింది. మన పెద్ద హీరో దెబ్బలు తింటాడు, నక్కుతాడు, అబద్ధాలాడతాడు. కొడుకు కోసం పరిగెడుతూ సగం పనులు చెడగొట్టుకుంటాడు. పోలీసు అధికారిణిగా వేసిన త్రిషతో అతనికి నిజమైన కొట్లాటే ఉంది. హీరోయిన్ కదా అని చెయ్యి పట్టుకుని ఆపేసే రకం కాదు. ఆమెతో ప్రేమకథ అల్లలేదు, పాటల కోసం కథను ఆపలేదు. ఆనాటి తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్త. నా అసంతృప్తి వేరే చోట ఉంది. ఆ పబ్బు ఏ ఊరిదైనా కావచ్చు. డబ్బు, పబ్బు, మాదకద్రవ్యాలు, పోలీసు... వీటి మధ్య మన నగరాల్లో ఉండే బంధుత్వాలు, మొహమాటాలు, పైరవీలు దానిలోకి అడుగుపెట్టలేదు. ప్రకాశ్‌రాజ్ విలన్ వేషంలో హాస్యం పండించారు కానీ, ఇలాంటివాడు మా ఊళ్లో ఉన్నాడని భయపడేంత పని ఆయనకు ఇవ్వలేదు.

అమెరికన్ రూపంలో లాస్ వేగాస్ ఎంపిక తెలివైనది. డబ్బు చేతులు మారే ఊరు, నిద్రపోని ఊరు. కానీ అందులో గాయం అవసరమైనప్పుడే గుర్తొస్తుంది, మిగతా సమయంలో హీరో ఎంచక్కా దూకుతుంటాడు. హిందీ సినిమా మొదట్లో ఆశ పుట్టించింది. జనం మనుషుల్నీ ఉద్యోగాల్నీ పోగొట్టుకున్న రోజులు కాబట్టి, నీతి సడలడానికి అంతకన్నా కారణం ఏం కావాలి! తీరా చూస్తే ఆ కాలం ప్రారంభంలో చెప్పి వదిలేసిన ముచ్చటగా మిగిలింది. షాహిద్ కపూర్ విసురు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

చూశారా, ఇంత చెప్పినా ఏ సీను ఎక్కడ మారిందో పట్టిక వేయలేదు. మీ సమీక్షలోనూ ఇదే చేయండి. 'యాక్షన్ అద్భుతం' అని రాస్తే పాఠకుడికి తెలిసేది శూన్యం. 'మొదట్లో హీరోకు తగిలిన కత్తిపోటు చివరిదాకా అతన్ని వదలదు' అని రాస్తే అది ఎలాంటి సినిమానో, తనకు సరిపడుతుందో లేదో అతనే తేల్చుకుంటాడు.

మీకు రక్తం పడకపోవడం గురించి. అది అనర్హత ఏమీ కాదు. నిజానికి ఏదీ పట్టనట్టు చూసేవారికన్నా మీరే మెరుగు, ఎందుకంటే ఏ దెబ్బ తగిలిందో ఏది తగల్లేదో మీ ఒంటికి తెలుస్తుంది. ఆ సంగతి ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. సమీక్ష పొడుగునా ముక్కు మూసుకోవద్దు. నరుకుళ్లను లెక్కపెట్టవద్దు. దెబ్బకు ముందు ఏముంది, తర్వాత ఏముంది అన్నది చూడండి. కొట్టినవాడి చేతికి ఏమైంది? చచ్చినవాడి గురించి తర్వాత ఎవరైనా మాట్లాడారా? ఇంట్లో ఎవరైనా ఎదురుచూశారా?

2003 నాటి కొరియన్ 'ఓల్డ్‌బాయ్'లో నడవా పోరాటం గురించి వినే ఉంటారు. దర్శకుడు పార్క్ చాన్-వుక్ కెమెరాను పక్క నుంచి చూసేలా పెట్టి ఒకే షాట్‌లో తీశాడు. సుత్తి పట్టుకున్న ఒక్కడు, ఎదురుగా గుంపు. వీపులో కత్తి దిగినా ముందుకే పోతాడు. మధ్యలో అందరికీ ఊపిరి అందదు, కాసేపు ఆగిపోతారు కూడా. 2013లో స్పైక్ లీ అమెరికాలో అదే ఘట్టాన్ని ఒకటికి మించిన అంతస్తుల్లో, మరింత కసరత్తుతో తీశాడు. సుత్తి అదే. మొదటిదాంట్లో నేను చూసింది ఏళ్లతరబడి గదిలో మగ్గిన మనిషి మొండితనం. రెండోదాంట్లో చూసింది స్టంట్ మాస్టరు పనితనం. రక్తం రెండింటిలోనూ ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మైకేల్ హానెకె. 1997లో ఆస్ట్రియాలో తీసిన 'ఫనీ గేమ్స్'ను 2007లో తనే ఇంగ్లీషులో దాదాపు షాటుకు షాటు మళ్లీ తీశాడు. ఒక కుటుంబాన్ని ఇద్దరు యువకులు ఇంట్లోనే బంధించి హింసించే కథ. పిల్లవాణ్ని కాల్చేటప్పుడు కెమెరా వంటగదిలో తిండి తయారుచేసుకుంటున్న రెండోవాడి మీద ఉంటుంది. మనకు పేలుడు శబ్దం వినిపిస్తుంది, అంతే. తెర మీద రక్తం తక్కువే, అయినా హృదయం గట్టిగా లేనివారికి ఆ సినిమా చూడమని నేను చచ్చినా చెప్పను. 'హింస మోతాదు మించింది' అనే మన అరిగిపోయిన వాక్యం ఇలాంటి చోట ఎందుకూ కొరగాదు.

మనవైపు ఇంకో చిక్కు ఉంది. తెలుగు సినిమాలో హింసకు ఎప్పటినుంచో ఒక మర్యాద స్థిరపడింది. ఇంటి పరువు కోసమో, చచ్చిన తమ్ముడి కోసమో, ఊరి కోసమో హీరో కత్తి పడతాడు, హాలు ఈలలతో ఊగిపోతుంది. అందులో తప్పేమీ లేదు, నేనూ ఈల వేసినవాణ్నే. కానీ కొరియా నుంచో ఫ్రాన్స్ నుంచో తెచ్చుకునే క్రైమ్ కథల్లో చాలావాటిలో హింస సిగ్గుపడవలసిన పనిగా ఉంటుంది. చేసినవాడు దాన్ని కడుక్కోలేక చస్తుంటాడు. దాన్ని తీసుకొచ్చి ఈల వేసే చోట పెడితే కథ తలకిందులవుతుంది. హీరో చేసిన తప్పు హీరో ఘనకార్యం అయిపోతుంది. ఇది ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి నాకు ఒక తేలిక ఉపాయం ఉంది. స్లో మోషన్ ఎక్కడెక్కడ వాడారో చీకట్లోనే నోట్‌బుక్కులో గీసుకోండి. దర్శకుడు ఏ దెబ్బను మనం ఆస్వాదించాలనుకుంటున్నాడో అది చెప్పేస్తుంది. నేపథ్య సంగీతం ఎక్కడ హోరెత్తిందో కూడా దాదాపు అదే లెక్క.

కారణాలను కొత్త ఊరి మట్టిలోంచి తీసిన రీమేక్ ఎలా ఉంటుందంటే మార్టిన్ స్కోర్సెసీ 'ది డిపార్టెడ్' చూడండి. హాంకాంగ్ 'ఇన్‌ఫర్నల్ అఫైర్స్' 2002 నాటిది, నిడివి 101 నిమిషాలు. ముఠాలో దాగిన పోలీసు, పోలీసుల్లో దాగిన ముఠా మనిషి. స్కోర్సెసీ 2006లో దాన్ని 151 నిమిషాలకు పెంచాడు. ఆ పెరిగిన యాభై నిమిషాలనూ తుపాకుల కోసం వాడలేదు. బోస్టన్‌లోని ఐరిష్ కుటుంబాలు, ఎవరు ఏ పేట నుంచి వచ్చారన్న పట్టింపు, తండ్రుల పేర్లు, కులంలాంటి ఆ ఊరి అంతస్తులు వచ్చి చేరాయి. రచయిత విలియం మోనహన్ ఆ ప్రాంతం మనిషే. ముఠా నాయకుడి పాత్రకు బోస్టన్‌లోని వైటీ బల్జర్ కొంతవరకు ఆధారం. ఆ బల్జర్ అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి సమాచారం అందించినవాడు కూడా. అంటే పోలీసులకూ ముఠాలకూ మధ్య గూఢచారుల కథ ఆ ఊళ్లో అప్పటికే ఉంది, సినిమా దాన్ని తవ్వి తీసింది. ఉత్తమ చిత్రం సహా నాలుగు ఆస్కార్లు వచ్చాయి. ఆ వేడుకలో ప్రకటన చదివినవారు మాతృకను జపాన్ సినిమా అనేశారు. మీరు మాత్రం ఏ దేశానిదో ఒకసారి సరిచూసుకుని రాయండి.

నాకు ఇప్పటికీ హాంకాంగ్ సినిమాయే ఎక్కువ ఇష్టం, దాని పొదుపు కోసం. కానీ సమీక్షకుడిగా 'ది డిపార్టెడ్'కు మార్కులు తగ్గించడానికి అది కారణం కాదు. ఈ తేడా మీరు కూడా మనసులో ఉంచుకోవాలి.

ముగింపుల దగ్గరికి వద్దాం. (పాత సినిమాల ముగింపులు చెబుతున్నాను, చూడనివారు ఈ పేరా దాటేయవచ్చు.) 'ఇన్‌ఫర్నల్ అఫైర్స్' హాంకాంగ్ ప్రతిలో పోలీసుల్లో దాగిన దొంగ బతికి బయటపడతాడు, ఆ బతుకే అతని శిక్ష. చైనా ప్రధాన భూభాగం కోసం తీసిన ముగింపులో అరెస్టవుతాడు. బోస్టన్‌లో తూటాకు పోతాడు. మన 'దృశ్యం' సంగతీ అంతే. 2013 మలయాళ మాతృకలోనూ, 2014లో వెంకటేశ్ నటించిన తెలుగులోనూ తండ్రి కుటుంబాన్ని కాపాడుకుని నిలబడతాడు. 2019 చైనా రీమేక్‌లో చివరికి లొంగిపోతాడు. నేరం చేసినవాడు తప్పించుకున్నట్టు చూపడం అక్కడి సెన్సార్‌కు గిట్టదు. కాబట్టి 'క్లైమాక్స్ మార్చేశారు' అని ఫిర్యాదు చేస్తే చాలదు. మార్చిన ముగింపుకు ముందునుంచే దారి వేశారా, ఆఖరి పది నిమిషాల్లో అతికించారా అన్నది చెప్పాలి. వివరం బయటపెట్టకుండానే ఇది చెప్పవచ్చు: 'చివరి మలుపు ముందు గంటన్నరతో మాట్లాడదు' అంటే చాలు.

హక్కులు కొని తీసిందైతే టైటిల్స్‌లో మాతృక పేరు వేస్తారు, గమనించండి. వేయకపోతే 'పోలికలు ఉన్నాయి' అని, ఏ పోలికలో చెప్పి ఆగండి. 'కాపీ' అన్న మాట తేలిగ్గా వాడవద్దు.

సర్టిఫికెట్ గురించి తప్పకుండా రాయాలి. మనవాళ్లు ఇది చాలా నిర్లక్ష్యం చేస్తారు. 'ఎ' అంటే పెద్దలకు మాత్రమే. 'యు/ఎ'ను 2024 నుంచి 7, 13, 16 ఏళ్ల వయసుల వారీగా మూడుగా విడదీశారు. అయితే అక్షరం ఒక్కటే సరిపోదు. ఒక 'ఎ' సినిమాకు మాట్నీలో బడి పిల్లలిద్దరితో వచ్చిన దంపతులను చూశాను. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. చిత్రహింసల ఘట్టం వచ్చేసరికి తల్లి చిన్నవాడి ముఖాన్ని కొంగులో దాచుకుని అలాగే కూర్చుంది. వాళ్లు ఏదో పత్రికలో సమీక్ష చదివే వచ్చి ఉండవచ్చు, అందులో 'మాస్‌కు పండగ' అని మాత్రమే ఉండి ఉంటుంది. అందుకని ఏ రకం హింస ఉందో ఒక్క వాక్యం ఖర్చుపెట్టండి: పిల్లలకు హాని చూపారా, చిత్రహింసలా, లైంగిక హింసా, జంతువుల మీద హింసా. ఓటీటీ సినిమాలకు వయసు వర్గీకరణ ఆ సంస్థలే వేసుకుంటాయి కాబట్టి అక్కడ ఈ వాక్యం మరీ అవసరం.

మీరు అడగని విషయం ఒకటి చెప్పి వదిలేస్తాను. రీమేక్‌కు మాతృక పేరే పెద్ద గుట్టురట్టు. ఫలానా సినిమాకు రీమేక్ అని మొదటి వాక్యంలో రాశారంటే, పాఠకుడు ఫోనులో ఆ పేరు కొట్టి అర నిమిషంలో కథంతా చదివేస్తాడు. నిర్మాతలే ప్రచారంలో చెప్పుకుంటుంటే మొహమాటపడనక్కర్లేదు. లేకపోతే మాతృక పేరున్న పేరాను సమీక్ష చివరకు తోసి, దాని పైన ఒక హెచ్చరిక పెట్టండి. శీర్షిక పెట్టే సబ్ ఎడిటర్‌కు కూడా ముందే ఫోన్ చేసి చెప్పండి. చెప్పకపోతే మీరు కింద ఎంత జాగ్రత్తగా దాచినా ఆయన దాన్ని పైన పెద్ద అక్షరాల్లో వేసేస్తాడు.